బెంగళూరులో సోనార్ సిగ్నల్ ప్రాసెసింగ్ వారాంతపు కోర్సు: చదువుకు సరే, ఉద్యోగ హామీకి కాదు

బెంగళూరు యశ్వంతపురం ప్రాంతంలో శని, ఆదివారాల్లో నడిచే సోనార్ (నీటి అడుగున ధ్వనితో వస్తువులను కనిపెట్టే పరికరం) సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే వచ్చిన సంకేతం నుంచి సమాచారం రాబట్టే గణితం, నేర్పే ఒక కోర్సును ఈ మధ్యనే పూర్తి చేశాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనో ఆటోమొబైల్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లోనో పనిచేస్తూ, నీటి అడుగు ధ్వని వైపు మళ్లితే భవిష్యత్తు ఎలా ఉంటుందని ఆలోచిస్తున్న మన తెలుగు ఇంజనీర్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. వారిలో కొందరు అడిగినందువల్ల ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. బ్యాచ్‌లు చిన్నవి, బోధించేవారు ఇద్దరే, ఇద్దరూ రక్షణ రంగ ప్రయోగశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. సంస్థను గుర్తుపడితే వారినీ గుర్తుపట్టినట్టే.

రుసుము జీఎస్టీతో కలిపి యాభై వేలకు కాస్త తక్కువ. రెండు వాయిదాల్లో కట్టవచ్చు. హాలు మేడ మీద ఉంది, ఏసీ పనిచేస్తుంది, కుర్చీలు మాత్రం మూడు గంటల పాఠానికి తగినవి కావు. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవారు పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి గ్రీన్ లైన్ ఎక్కితే చాలు. కారులో వచ్చేవారికి పార్కింగ్ దొరకదు. బోధన ఇంగ్లీషులోనే సాగుతుంది. బోధకుల్లో ఒకరు విశాఖపట్నంలో చాలాకాలం పనిచేసినవారు కావడంతో, విరామంలో మనవాళ్లు అడిగే సందేహాలకు తెలుగులోనే, అదీ మరింత ఓపికగా, సమాధానం చెబుతారు.

ఇక పాఠాల సంగతి. ఈ కోర్సుకు నేను మంచి మార్కులు వేయడానికి మొదటి కారణం దాని వరుస. సాధారణంగా ఇటువంటి శిక్షణల్లో మొదటి రోజే పైథాన్ ప్రోగ్రామింగ్ తెరిచి, సంకేతాన్ని పౌనఃపున్యాలుగా విడదీసి చూపే ఎఫ్‌ఎఫ్‌టీ గీయించి, విద్యార్థికి ఏదో నేర్చుకున్నామన్న తృప్తి కలిగిస్తారు. ఇక్కడ మొదటి కొన్ని వారాలు కంప్యూటరే తెరవనివ్వలేదు. సముద్రంలో ధ్వని ఎలా ప్రయాణిస్తుందన్న విషయం మీదనే గడిపారు. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైన, అని అందరం ఎక్కడో చదివినవాళ్లమే. ఆ వేగం ఉష్ణోగ్రత, లవణీయత, లోతులను బట్టి మారుతుందనీ, ఆ మార్పు స్వల్పమైనదే అయినా ధ్వని కిరణాలు దాని వల్లనే వంగుతాయనీ, కొన్ని కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి ఆ వంపే జలాంతర్గామి కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య తేడా అవుతుందనీ కాగితం మీద కిరణాలు గీసి చూపినప్పుడే తెలిసివచ్చింది. ఉదయం చక్కగా పనిచేసిన సోనార్ మధ్యాహ్నం ఎండకు పైనీరు వేడెక్కగానే దగ్గరి లక్ష్యాన్ని కూడా పట్టుకోలేకపోవడం రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే నావికులు గమనించిన విషయం. వేడెక్కిన పైపొరలో వేగం పెరిగి ధ్వని కిందికి వంగిపోతుంది. ఉపరితలానికి దగ్గరలో ఉన్న వస్తువు ధ్వని చేరని ఆ నీడలో దాగుతుంది.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది బంగాళాఖాతం గురించిన పాఠం. గంగా బ్రహ్మపుత్రలతో పాటు మన గోదావరి, కృష్ణలు కూడా తెచ్చి పోసే మంచినీరు ఆ సముద్రం పైపొరను తక్కువ ఉప్పుతో తేలికగా ఉంచుతుంది. శీతాకాలంలో ఉత్తర భాగంలో ఆ పైపొర చల్లబడినా, తేలికగానే ఉండడం వల్ల కిందికి దిగదు. కింద వెచ్చని ఉప్పునీరు అలాగే ఉంటుంది. అప్పుడు లోతుతో పాటు ధ్వని వేగం పెరిగి, శబ్దం ఉపరితలం దగ్గరే పైకి వంగుతూ చిక్కుకుని దూరాలకు పోతుంది. అట్లాంటిక్ కోసం తయారైన పరికరాన్ని తెచ్చి ఇక్కడి ఓడకు బిగిస్తే అది అక్కడిలా ఎందుకు పనిచేయదో, ఈ రంగంలో స్వదేశీ పరిజ్ఞానం అన్నమాటకు నినాదం కాక భౌతికశాస్త్రం ఎందుకు ఆధారమో ఈ ఒక్క పాఠంతో అర్థమవుతుంది.

తరువాత వచ్చేది సోనార్ సమీకరణం. పంపిన ధ్వని తీవ్రత, దారిలో కలిగే నష్టం, లక్ష్యం నుంచి తిరిగివచ్చే పాలు, చుట్టూ ఉన్న రొద, గ్రాహకాల వరుస ఇచ్చే లాభం, ఇవన్నీ డెసిబెల్‌లలో కూడి తీసివేసి చూసుకునే లెక్క ఇది. కిరాణా కొట్టు పద్దు లాగా కనిపించినా ఇంజనీరు వృత్తి జీవితమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ధ్వని గోళాకారంగా వ్యాపిస్తుందనుకుంటే, ప్రతిధ్వని మీద ఆధారపడే సోనార్‌లో పరిధిని రెట్టింపు చేయడానికి 12 డెసిబెల్‌లు, అంటే సుమారు 16 రెట్ల శక్తి కావాలి. నీరు పీల్చుకునేది దీనికి అదనం. ఓడలో ఆ శక్తిని తేవడం ఎలాగూ కుదరదు కాబట్టి, అదే లాభాన్ని గణితం నుంచి రాబట్టవలసి వస్తుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ ఇంజనీరుకు ఉద్యోగం ఎందుకు ఇస్తారన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

ఆ రాబట్టడం ఎలాగో రెండు ఉదాహరణలతో బాగా చెప్పారు. 10 మిల్లీసెకన్ల సాదా పల్స్ (ధ్వని తునక) పంపితే 7.5 మీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడదీసి చూడలేము. అదే పల్స్‌లో పౌనఃపున్యాన్ని 2 కిలోహెర్ట్జ్ మేర క్రమంగా పెంచుతూ పంపి, వచ్చినదాన్ని పంపినదానితో పోల్చి చూసే మ్యాచ్డ్ ఫిల్టర్ గుండా పోనిస్తే ఆ దూరం 37.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది; శక్తి పెరగలేదు, పల్స్ పొడవూ మారలేదు. రెండవది బీమ్‌ఫార్మింగ్, అంటే ఒక దిక్కు నుంచి వచ్చే ధ్వనినే ఏరి వినడం. 1500 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం ఒక మీటరు కాబట్టి అర మీటరు ఎడంగా 32 హైడ్రోఫోన్లు (నీటి మైకులు) వరుసగా పెట్టి, ఒక్కొక్కదానికి తగినంత ఆలస్యం కలిపి కూడితే, అన్ని దిక్కుల నుంచీ సమానంగా వచ్చే రొద మీద 15 డెసిబెల్‌ల లాభమూ, మూడు డిగ్రీలకు కాస్త పైన వెడల్పున్న చూపూ వస్తాయి. అదే వరుసకు 3 కిలోహెర్ట్జ్ సంకేతం వస్తే లేని దిక్కున కూడా లక్ష్యం ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ దొంగ లక్ష్యాలను ముందు కాగితం మీద లెక్కగట్టి, తరువాతే కోడ్‌లో చూపమన్నారు.

దిశను అంచనా కట్టే పద్ధతుల దగ్గర క్రామర్–రావ్ హద్దు వచ్చింది. ఎంత తెలివైన అల్గారిథమ్ రాసినా, పక్షపాతం లేని అంచనాలో దోషం ఆ హద్దు కంటే కిందికి దిగదు. ఆ పేరులోని రావ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారే. 1945లో ఆయన ప్రచురించిన పత్రం నుంచి వచ్చిన ఫలితం ఇది. తరగతిలోని తెలుగువారిలో సగం మందికి ఈ సంగతి తెలియదు. సూత్రాన్ని పరీక్షల్లో వాడినవారికి కూడా తెలియకపోవడం మన కాలేజీల గురించి కొంత చెబుతుంది గానీ, అది వేరే సమీక్షకు సంబంధించిన విషయం.

ఎలక్ట్రికల్ చదివినవారికి, అంటే మన భాషలో ట్రిపుల్ఈ వాళ్లకు, ఈ రంగం ఈసీఈ వారి సొత్తని ఒక జంకు ఉంటుంది. అది అనవసరమని ఈ కోర్సు నాకు నమ్మకం కలిగించింది. శబ్దం పంపకుండా వినడం మాత్రమే చేసే సోనార్‌లో ఓడ ప్రొపెల్లర్ తిరిగే వేగాన్నీ రెక్కల సంఖ్యనూ కనిపెట్టడం ప్రధానమైన పని. నిమిషానికి 120 సార్లు తిరిగే అయిదు రెక్కల ప్రొపెల్లర్ 10 హెర్ట్జ్ వద్ద ఒక గీతను ఇస్తుంది. అది నేరుగా వినపడకపోయినా, రెక్కల దగ్గర బుడగలు పుట్టి పగలడం వల్ల కలిగే వెడల్పాటి రొద ఆ లయలోనే హెచ్చుతగ్గులవుతుంది; ఆ రొద ఎన్వలప్‌ను, అంటే హెచ్చుతగ్గుల రూపురేఖను, తీసి ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే గీత బయటపడుతుంది. ఇండక్షన్ మోటారు కరెంటులో 50 హెర్ట్జ్ చుట్టూ వచ్చే పక్క గీతలను చూసి రోటార్ కడ్డీ విరిగిందని చెప్పడం చదివినవారికి ఇందులో కొత్తదేముంది? గేర్లు, పంపులు, జనరేటర్లు ఏ శబ్దం ఎందుకు చేస్తాయో ముందే తెలిసినవారు ఈ పాఠంలో మిగతావారి కంటే ముందుంటారు. మా బ్యాచ్‌లో ఉన్నారు కూడా.

ఇప్పుడు ట్యాంకు. రుసుములో సగం నిజానికి దీనికే ఇస్తున్నామని నా అభిప్రాయం. వెనక షెడ్డులో మూడు మీటర్ల పొడవున్న నీటి ట్యాంకు, అందులో పీజెడ్‌టీ పింగాణీ బిళ్లలతో తయారుచేసిన, విద్యుత్తును ధ్వనిగా, ధ్వనిని విద్యుత్తుగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్లు, నాలుగు హైడ్రోఫోన్ల చిన్న వరుస, ప్రీయాంప్లిఫైయర్లు, ఒక ఓసిల్లోస్కోపు ఉన్నాయి. కొత్తగా ముంచిన హైడ్రోఫోన్ ఉపరితలాన సన్నని గాలి బుడగలు అంటుకుని కొలత తప్పుతుందనీ, ముంచే ముందు కాస్త సబ్బునీరు రాయాలనీ, తరువాత కూడా కొంతసేపు నాననివ్వాలనీ వీడియో పాఠాలు చెప్పవు. మొదటి కొలతలో తెరమీద కనిపించేది ప్రతిధ్వని కాదు, 50 హెర్ట్జ్ కరెంటు రొద, దాని గుణిజాలు. ఎర్తింగ్ ఒకేచోట కలిపి, తొడుగున్న కేబుల్ మార్చి, దాన్ని వదిలించుకోవడానికే ఒక పూట పట్టింది. ఆ పూట వృథా అని గొణిగినవారు ఉన్నారు. నాకైతే కోర్సు మొత్తంలో అసలు ఉద్యోగానికి అతి దగ్గరగా ఉన్నది అదే అనిపించింది.

ట్యాంకు పరిమితిని దాచకుండా పాఠంగా మార్చడం కూడా మెచ్చుకోవలసిన విషయం. గోడకు తగిలి వచ్చే ధ్వని, నేరుగా వచ్చే ధ్వని కంటే ఒకటిన్నర మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే, రెండింటికీ మధ్య దొరికే వ్యవధి ఒక్క మిల్లీసెకను. 40 కిలోహెర్ట్జ్ వద్ద ఆ వ్యవధిలో 40 ఆవర్తనాలు పడతాయి, కొలత బాగా వస్తుంది. 1 కిలోహెర్ట్జ్ వద్ద ఒకే ఒక్క ఆవర్తనం, అది కొలతే కాదు. తక్కువ పౌనఃపున్యాలకు ఎంత పెద్ద నీరు కావాలో దీన్నిబట్టి లెక్కగట్టవచ్చు. చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్ఐఓటీ, 16 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల లోతున్న ట్యాంకును ఎందుకు కట్టుకుందో, కొచ్చిలోని నౌకాదళ ధ్వని ప్రయోగశాల ఎన్‌పీఓఎల్ ఇడుక్కి కొండల్లోని కుళమావు జలాశయం దాకా ఎందుకు వెళుతుందో, అదీ చాలక ఐఎన్ఎస్ సాగరధ్వని వంటి పరిశోధన నౌక ఎందుకు అవసరమైందో, ఆ ఒక్క మిల్లీసెకను లెక్కలోనే ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. చివర్లో అతికించిన మెషీన్ లెర్నింగ్ భాగం చాలా బలహీనంగా ఉంది. ఎవరో తయారుచేసిన నోట్‌బుక్‌ను నడిపి, ఓడ శబ్దాలను తరగతులుగా విడదీసి, తెరమీద వచ్చిన శాతాన్ని చూసి సంతోషించమన్నారు. ఒకే ఓడ నుంచి, ఒకే రోజున తీసిన రికార్డింగును ముక్కలు చేసి, కొన్ని ముక్కలు శిక్షణకూ కొన్ని పరీక్షకూ వాడితే ఆ శాతానికి విలువ లేదని అడిగినవారికి సరైన జవాబు రాలేదు. ఆ భాగాన్ని చెప్పినది పాత బోధకులు కాదు, బయటి నుంచి పిలిపించిన ఒక యువకుడు. సముద్రం గురించి ఆయనకు పెద్దగా ఆసక్తి ఉన్నట్టు తోచలేదు. ముద్రించి ఇచ్చిన నోట్సు మసకగా ఉంది. డెసిబెల్ విలువ ఇచ్చిన ప్రతిచోటా ప్రమాణ పీడనం, అంటే దేనితో పోల్చి కొలిచారో ఆ పీడనం, రాయలేదు. నీటిలో ఆ ప్రమాణం 1 మైక్రోపాస్కల్, గాలిలో 20 కాబట్టి, ఆ తేడా ఒక్కటే 26 డెసిబెల్‌లు. సోనార్ నేర్పే సంస్థ నోట్సులో ఉండకూడని అలక్ష్యం అది. పాఠాల రికార్డింగులు కోర్సు ముగిసిన కొద్దికాలానికే మూసేస్తారు, ఇది చేరేముందు చెప్పరు.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం ఉద్యోగం పేరిట చేసే ప్రచారం మీద. కరపత్రంలో ఉద్యోగ సహాయం నూటికి నూరు శాతం అని ఉంటుంది. కోర్సు చివర్లో ఒక కన్సల్టెంటు వచ్చి, రెజ్యూమేలో ఏ పదాలు ముందు పెట్టాలో చెప్పి, లింక్డ్‌ఇన్ ఫొటో మార్చమని వెళ్లారు. ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కడ ఉన్నాయో, వాటికి దారి ఏదో ఆ పూటలో ఒక్క మాట కూడా రాలేదు. ఆ వివరాలు మాకు విరామాల్లో పాత బోధకుల ద్వారా, ఇప్పటికే ఆ దారిలో ఉన్న తోటివారి ద్వారా తెలిశాయి. రుసుము కట్టేవారికి అవి ముందే తెలియడం న్యాయం కనుక ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో సోనార్ సిగ్నల్ ప్రాసెసింగ్ అన్నది ప్రధానంగా కొన్ని ఊళ్ల పని. పరిశోధన, రూపకల్పన కొచ్చిలోని ఎన్‌పీఓఎల్‌లో. టార్పెడోలకు సంబంధించినది విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకాదళ ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్‌లో, వరుణాస్త్ర టార్పెడో అక్కడి రూపకల్పనే. ఓడలకు బిగించే వ్యవస్థల తయారీ బెంగళూరు జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో. పౌర సముద్రశాస్త్రం చెన్నైలోని ఎన్ఐఓటీలో. మొదటి రెండూ కేంద్ర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందినవి. వాటిలో సైంటిస్ట్ బి గా, అంటే తొలి మెట్టు శాస్త్రవేత్తగా, చేరాలంటే గేట్ స్కోరు, ఆపై ఇంటర్వ్యూ; మూలవేతనం 56,100 రూపాయల దగ్గర మొదలవుతుంది. భారత్ ఎలక్ట్రానిక్స్ శాశ్వత ఉద్యోగాలకు తన సొంత రాత పరీక్ష పెడుతుంది. కాంట్రాక్టు మీద తీసుకునే ప్రాజెక్టు ఇంజనీర్ల సంగతి వేరు. వీటిలో ఏ దారిలోనూ ఈ కోర్సు సర్టిఫికెట్‌కు మార్కులు లేవు. ఇంటర్వ్యూలో బల్లకు అటువైపున్నవారు సోనార్ సమీకరణం అడిగితే ధైర్యంగా చెప్పగలగడమే దీని ప్రయోజనం. అది చిన్న ప్రయోజనం కాదు, కానీ అది హామీ కూడా కాదు.

పౌర రంగాన్ని కన్సల్టెంటే కాదు, కోర్సు కూడా చిన్నచూపు చూసింది. 2004 సునామీ తరువాత మన సముద్రాల్లో పెట్టిన హెచ్చరిక వ్యవస్థలో సముద్రపు అడుగున కూర్చున్న పీడన పరికరం తన కొలతలను పైనున్న తేలుబోయాకు పంపేది ధ్వని ద్వారానే. అక్కడినుంచి ఉపగ్రహం మీదుగా సమాచారం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. సముద్రపు నీటిలో రేడియో తరంగాలు దూరం పోవు కాబట్టి ఆ కొన్ని కిలోమీటర్ల నిలువు దారిలో ధ్వనితో సమాచారం పంపే ఎకౌస్టిక్ మోడెమ్ మీదే ఆధారపడాలి. రహస్యపు ముద్ర లేకుండా, చేసిన పనిని నలుగురికీ చూపించుకోగల సోనార్ వృత్తి కావాలనుకునేవారికి ఇది ముఖ్యమైన దారి. దీనికి కేటాయించినది ఒక్క పాఠం.

రహస్యం సంగతి వచ్చింది కాబట్టి అది కూడా స్పష్టంగా చెప్పాలి. రక్షణ సోనార్‌లో పదేళ్లు పనిచేసినవారు తమ అతి మంచి పనిని రెజ్యూమేలో వివరించలేరు, నమూనా కోడ్ చూపలేరు, పత్రాలు అనుమతి లేకుండా ప్రచురించలేరు. ప్రైవేటు కంపెనీకి మారాలనుకున్నప్పుడు ఇది నిజమైన అడ్డంకి. దీనికి బోధకులు చెప్పే విరుగుడు నాకు నచ్చింది: వ్యవస్థ పేరు కాక పద్ధతి పేరు మీద మనిషికి గుర్తింపు రావాలి. బీమ్‌ఫార్మింగ్ తెలిసినవారికి బెంగళూరులో మెడికల్ అల్ట్రాసౌండ్ ఉంది, కార్ల రాడార్ ఉంది, వైర్‌లెస్ ఉంది. తరంగ వేగమూ పౌనఃపున్యమూ మారుతాయి గానీ లెక్క మారదు.

దీనికి అతిపెద్ద ఉదాహరణ ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ గారు. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ ఖుక్రీ పాకిస్తాన్ జలాంతర్గామి దాడిలో మునిగిపోయిన తరువాత, అప్పటి సోనార్లను మెరుగుపరిచే పనిని చేపట్టిన నౌకాదళ అధికారి ఆయన. కొచ్చిలో ఏపీఎస్ఓహెచ్ అనే స్వదేశీ సోనార్ రూపకల్పనకు నాయకత్వం వహించారు. బెంగళూరులో సంస్థలు కూడా నడిపారు. స్టాన్‌ఫర్డ్‌లో రాయ్, కైలాత్‌లతో కలిసి ఎస్ప్రిట్ అనే దిశా నిర్ణయ పద్ధతిని తీర్చారు. యాంటెన్నాల వరుసల మీద ఆయన సాగించిన పని నుంచే మైమో, అంటే అనేక యాంటెన్నాలతో ఒకేసారి ఎక్కువ సమాచారం పంపే పద్ధతి, పుట్టి ఇవాళ 4జీ, 5జీ ఫోన్లలో ఉంది; 2014లో ఆయనకు మార్కోనీ బహుమతి వచ్చింది. అందరూ పాల్‌రాజ్‌లు కారు, నిజమే. అయినా ఉద్యోగ మార్గదర్శనం అని పేరు పెట్టిన పూటలో ఫొటో మార్చుకోమనే బదులు ఈ వృత్తి ప్రయాణాన్ని పది నిమిషాలు చెప్పి ఉంటే, మైమోకూ సోనార్‌కూ చుట్టరికం ఏమిటో తెలిసి, వినేవారికి తమ దారి గురించి ఆలోచించడానికి ఏదైనా దొరికేది.

చేరాలనుకునేవారికి నా సలహా వ్యక్తిని బట్టి ఉంటుంది. బీటెక్ చివరి ఏడాదిలో ఉండి డీఆర్‌డీఓనే లక్ష్యమైతే ఈ డబ్బూ ఈ వారాంతాలూ ముందు గేట్‌కు పెట్టండి. నాలుగైదేళ్ల అనుభవంతో రాడార్‌లోనో ఆడియోలోనో ఉన్నవారికి ఇది బాగా ఉపకరిస్తుంది, ముఖ్యంగా సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, సంభావ్యత మరొకసారి తిరగేసి వస్తే. ఐటీ ఉద్యోగం మీద విసుగుతో మాత్రమే వచ్చేవారు రెండవ నెలలోనే మానేయడం మా బ్యాచ్‌లో చూశాను. మానేసినవారికి రుసుము తిరిగి ఇవ్వలేదు.

డబ్బు కట్టే ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: పాత బోధకులిద్దరూ ఆ బ్యాచ్‌కు వస్తున్నారా, ట్యాంకు పనిచేస్తోందా. ఈ మధ్య ఆన్‌లైన్ బ్యాచ్ కూడా మొదలుపెట్టి దానికీ ఇదే రుసుము అడుగుతున్నారు. ట్యాంకు లేని ఆ బ్యాచ్‌కు నేనైతే అందులో సగం కూడా ఇవ్వను.